వెన్ను దెబ్బతిన్న తమ్ముడు మళ్లీ ఆడతానంటున్నాడు, ఏం చెప్పాలి?

కూత_ఆగదు
మా తమ్ముడికి 23 ఏళ్లు. కబడ్డీ రైడర్. జిల్లా జట్టుకు, యూనివర్సిటీకి ఆడాడు. కిందటేడు సంక్రాంతికి పక్క ఊరి టోర్నమెంటులో బోనస్ కోసం కాలు చాపి వెనక్కి తిరుగుతుంటే ఇద్దరు నడుం పట్టి ఎత్తేశారు. వీపు మీద పడ్డాడు. వాడి మీద ఇంకో ముగ్గురు పడ్డారు. అందరూ లేచారు, వాడు లేవలేదు. "అన్నా, నా కాళ్లు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. అప్పటికి వాడి కాళ్లు నా చేతుల్లోనే ఉన్నాయి.

టీ12 ఎముక, అంటే ఛాతీ వెనకుండే వెన్నుపూసల్లో అన్నిటికంటే కిందిది, నుజ్జయింది. రాడ్లు, స్క్రూలు వేశారు. నడుం కింద స్పర్శ లేదు, కదలిక లేదు. కంప్లీట్ ఇంజురీ అన్నారు. 16 నెలలైంది. చేతులు, ఛాతీ మాత్రం బాగున్నాయి. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి తనే మారతాడు.

పోయిన వారం టీవీలో కబడ్డీ మ్యాచ్ వస్తుంటే సౌండ్ తీసేసి అన్నాడు, "నేను మళ్లీ ఆడాలన్నా. కూర్చుని ఆడేదైనా పర్లేదు. గెలుపు ఓటమి ఉండాలి, అంతే." అమ్మ ఏడుపు. నాన్న, ముందు నడవనీ అంటాడు. వాడి పాత కోచ్ ఇంటికొచ్చి, "గ్రౌండ్‌కి రారా, పిల్లల మ్యాచులకి స్కోరు రాద్దువు" అన్నాడు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. ఇది అయ్యే పనేనా? వెన్నుకి మళ్లీ ఏమైనా అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లరేగడి
మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు. ముందు నడక, తర్వాత ఆట. ఆశ పెట్టి మళ్లీ పడేస్తే ఆ అబ్బాయి రెండోసారి లేవడు.

వీల్‌చైర్_వెంకీ
నల్లరేగడి గారూ, ఈ మాట నాకూ చెప్పారు. 2013లో నా బైక్ డివైడర్‌ని కొట్టింది. టీ10. "నడిచాక చూద్దాం" అంటూ మూడేళ్లు మంచంలో గడిపాను. పెళ్లిళ్లకు వెళ్లలేదు, పరీక్ష రాయలేదు, వీల్‌చైర్ కూడా కొననివ్వలేదు. కుర్చీ కొంటే ఇక నడవడని ఇంట్లో వాళ్ల భయం. నడక రాలేదు. మూడేళ్లు మాత్రం పోయాయి.

తర్వాత ఒకాయన బలవంతంగా వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకు లాక్కెళ్లాడు. మొదటి రోజే ఒకడు వేగంగా వచ్చి నన్ను కుర్చీతో సహా పడేశాడు. పడి నవ్వాను. యాక్సిడెంట్ తర్వాత నన్ను గాజుబొమ్మలా కాకుండా మామూలు మనిషిలా గుద్దింది వాడొక్కడే.

కూత_ఆగదు బ్రో, మీ తమ్ముడు సరిగ్గా చెప్పాడు. గెలుపు ఓటమి ఉండాలి. స్కోరు రాయమనడం వాడికి గౌరవం కాదు.

ఎర్రమట్టి_కోర్టు
నేను రిటైరైన పీఈటీని. ఆ కోచ్‌ని మరీ తిట్టకండి. మాకు ఎవరూ నేర్పలేదు. మా కాలంలో ఆటగాడు పడితే ఐస్ పెట్టడం, స్ప్రే కొట్టడం, అంతే.

ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఊళ్లలో టోర్నీలు పెట్టేవాళ్లు చదవాలి. వెన్ను మీదో మెడ మీదో పడి కాళ్లు తెలియట్లేదు అంటే లేపొద్దు. కూర్చోబెట్టొద్దు. మెడ కదలకుండా తలను రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉంచి 108 కి ఫోన్ చేయండి. తప్పదనుకుంటే తలుపు చెక్క మీదకి నలుగురు కలిసి ఒకే పట్టున దొర్లించండి. మనం లేపేటప్పుడు విరిగిన ఎముక ముక్క వెన్నుపామును ఇంకా కోసే ప్రమాదం ఉంది.

కూత_ఆగదు
సార్, మేము చేతులు కాళ్లు పట్టుకుని లేపి ఆటోలో వేశాం. నేనే కాళ్లు పట్టుకున్నాను.

ఎర్రమట్టి_కోర్టు
బాబూ, నిన్ను అనడానికి రాయలేదు. ఐదుగురి బరువు మీద పడ్డ ఎముక అది, దెబ్బ అప్పుడే తగిలి ఉంటుంది. దాన్ని మోసుకు తిరగకు.

ఫిజియో_పద్మ
పదకొండేళ్లుగా వెన్నుపాము గాయాలవాళ్లతోనే పని చేస్తున్నాను. కూత_ఆగదు గారి ప్రశ్నకి నేరుగా వస్తాను.

నడక సంగతి. కంప్లీట్ గాయంలో వచ్చే మార్పు చాలావరకు మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. 16 నెలల తర్వాత మళ్లీ పరిగెత్తేంత మార్పు వస్తుందని ఏ ఫిజియో అయినా చెబితే నమ్మకండి. అలాగని ఫిజియో ఆపకండి. కీళ్లు బిగుసుకోకుండా అది జీవితాంతం కావాలి. కానీ ఆటను నడకకి ముడిపెట్టకండి. అవి రెండు వేర్వేరు దారులు.

వెన్ను సంగతి. ఆపరేషన్ చేసిన సర్జన్‌తో సీటీ స్కాన్ తీయించి ఎముక అతుక్కుందో లేదో చూపించుకోండి. అతుక్కుంటే విసిరే ఆటలకి, బరువులకి సాధారణంగా ఒప్పుకుంటారు. ఆయన నోటి మాట కాదు, కాగితం మీద రాయించుకోండి. తర్వాత పోటీల దగ్గర పనికొస్తుంది.

అసలు ప్రమాదాలు వెన్నులో ఉండవు. అవి నాలుగు చోట్ల ఉంటాయి. చర్మం: స్పర్శ లేదు కాబట్టి కూర్చున్న చోట పుండు పడుతున్నా తెలియదు. ప్రతి పావుగంట, ఇరవై నిమిషాలకి రెండు చేతుల మీద ఒళ్లు పైకి లేపాలి, లేదా పక్కకి వాలాలి. మూత్రం: 4 నుంచి 6 గంటలకోసారి ట్యూబ్ పెట్టుకోవాలి. ప్రాక్టీసులో ఇబ్బందని నీళ్లు తాగడం మానేసేవాళ్లని బోలెడుమందిని చూశాను, మూడో నెలకల్లా జ్వరంతో వస్తారు. ఎముకలు: బరువు పడని కాళ్ల ఎముకలు పలచబడతాయి. పాదం ఎక్కడో ఇరుక్కుని మెలిపడితే విరుగుతుంది, నొప్పి కూడా తెలియదు, వాపే చెబుతుంది. భుజాలు: ఇప్పుడు అవే అతని కాళ్లు కూడా. రోజంతా చక్రాలు తోసే భుజంతోనే ఆటా ఆడాలి. వీపు వైపు కండరాలు బలపడకుండా విసరడం మొదలుపెడితే భుజం పోయే ప్రమాదం ఉంది.

ఇంకోటి, టీ6 గానీ అంతకంటే పైన గానీ గాయమైనవాళ్లు ఇది చదువుతుంటే: హఠాత్తుగా తలపోటు, ముఖం ఎర్రబడి చెమటలు పడితే బీపీ ఎగబాకుతోందని అర్థం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి బట్టలు, బెల్టులు వదులు చేయండి, మూత్రసంచి నిండిందేమో చూడండి. తగ్గకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి. కొందరు పోటీల్లో సత్తువ కోసం కావాలనే బీపీ ఇలా పెంచుకునేవారు. పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది. మీ తమ్ముడిది టీ12 కాబట్టి ఈ భయం అంతగా లేదు.

ఓరుగల్లు_పోరడు
గీ పోస్టును పైన పిన్ చేయుర్రి అడ్మిన్ అన్నా.

నల్లరేగడి
పద్మ గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. మా బాబాయి కొడుకు ట్రాక్టర్ మీంచి పడ్డాడు. స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స అన్నారు, ఆరు లక్షలు. వేళ్లు కదులుతున్నాయని వీడియో తీసి చూపించారు, అవి వణుకులు. తర్వాత పసరు మందు. రెండెకరాలు పోయాయి. ప్రతిసారీ వాడి ముఖం వెలగడం, ఆరిపోవడం చూశాను. అందుకే ఎవరైనా ఆశ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఫిజియో_పద్మ
మీ కోపం న్యాయమైనదే అన్నా. మన దేశంలో స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా వాడటానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒప్పుకున్నది రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి. వెన్నుపాముకి అది ఇంకా పరిశోధనే. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. బిల్లు వేశారంటేనే అనుమానించాలి.

డల్లాస్_శీను
నల్లరేగడి అన్న మాటకి ఇక్కడి ఉదాహరణ ఒకటి. రయాన్ షేజియర్ అని ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాడు, పిట్స్‌బర్గ్ జట్టు. 2017 డిసెంబరులో ట్యాకిల్ చేస్తూ తల వంచి గుద్దాడు, కాళ్లు పడిపోయాయి. వెన్నుకి ఆపరేషన్ చేశారు. 2018 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) వేదిక మీదకి కాబోయే భార్య చేయి పట్టుకుని నడిచి వచ్చాడు. దేశమంతా లేచి నిలబడింది. కానీ మళ్లీ ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2020లో రిటైరయ్యాడు. నడక వచ్చింది, ఆట రాలేదు.

వీల్‌చైర్_వెంకీ
దాన్ని తిరగేసి చూడండి, ధరమ్‌బీర్ కనిపిస్తాడు. హర్యానా, సోనీపత్ కుర్రాడు. కాలువలోకి దూకితే లోతు తక్కువ, కింద రాళ్లు. నడక రాలేదు, చేతివేళ్లూ సరిగా పనిచేయవు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎఫ్51 వర్గం (కూర్చుని విసిరేవాళ్లలో చేతులకీ బలం తక్కువున్నవాళ్లు) క్లబ్ త్రోలో, అంటే చెక్క దుడ్డు విసిరే ఆటలో స్వర్ణం. మొదటి నాలుగు త్రోలూ ఫౌల్! ఐదోది 34.92 మీటర్లు. రజతం కూడా మనదే, ప్రణవ్ సూర్మా, 34.59. చిన్నప్పుడు తల మీద సిమెంటు రేకు పడి వెన్ను దెబ్బతింది అతనికి.

వీళ్లకంటే ముందు అమిత్ సరోహా ఉన్నాడు. నేషనల్ స్థాయిలో హాకీ ఆడిన మనిషి, 2007లో కారు యాక్సిడెంట్. ఆయనే ధరమ్‌బీర్‌ని ఈ ఆటలోకి తెచ్చాడు. పారిస్ ఫైనల్లో శిష్యుడితో పాటు తనూ విసిరాడు, చివరి స్థానంలో వచ్చాడు. ఆ రోజు ఆయన ముఖం చూస్తే చివర వచ్చినట్టు లేదు.

గోదారోడు_77
అయితే మన కుర్రాడు కూడా క్లబ్ త్రో మొదలెట్టేయొచ్చు కదా. కర్రే కాబట్టి ఖర్చు కూడా ఉండదు.

వీల్‌చైర్_వెంకీ
కుదరదు బ్రో. క్లబ్ త్రో ఎఫ్51కి, ఇంకా ఎఫ్31, ఎఫ్32 అనే సెరిబ్రల్ పాల్సీ వర్గాలకే. చేతుల్లో పట్టు తక్కువున్నవాళ్ల కోసం పెట్టిన ఆట అది. టీ12 వాళ్లకి చేతులు పూర్తిగా బాగుంటాయి, పొట్ట కండరాలు కూడా కొంత పనిచేస్తాయి. ఎఫ్54 లేదా ఎఫ్55 దగ్గర రావచ్చు. అంటే కూర్చుని షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్. మగవాళ్లకి గుండు 4 కిలోలు, డిస్కస్ కిలో, జావెలిన్ 600 గ్రాములు.

వర్గం మనం అనుకుంటే సరిపోదు. పోటీకి ముందు క్లాసిఫయర్లు కండరం కండరం పరీక్షించి ఇస్తారు. 2021 టోక్యోలో మనకి ఎఫ్52 డిస్కస్‌లో వచ్చిన కాంస్యం వర్గం తేలకపోవడంతో మర్నాడే వెనక్కి పోయింది. కాబట్టి ఎమ్మారై, సర్జరీ నోట్స్ అన్నీ భద్రంగా పెట్టుకో.

గోదారోడు_77
నాలుగు కిలోల గుండా! మా అత్తగారి రోకలే ఎత్తలేను నేను. మీ అందరికీ దండం.

జవాన్_రిటైర్డ్
మురళీకాంత్ పేట్కర్ గారి పేరు ఎవరూ ఎత్తలేదేంటి? ఆర్మీలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలాయి, ఒకటి వెన్నులో ఉండిపోయింది. నడుం కింద చచ్చుబడింది. బాక్సింగ్ పోయింది, ఈత పట్టుకున్నాడు. 1972 హైడల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 37.33 సెకన్లలో ఈది స్వర్ణం తెచ్చాడు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. పద్మశ్రీ వచ్చింది 2018లో. 46 ఏళ్లు పట్టింది మనకి గుర్తుకు రావడానికి!

అసలు పారాలింపిక్స్ పుట్టిందే ఇలాంటి వార్డులో. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆస్పత్రి, డాక్టర్ లుడ్విగ్ గుట్‌మాన్. వెన్ను దెబ్బతిన్న సైనికుల్ని పడుకోబెట్టి ఉంచితే పుండ్లతో, ఇన్ఫెక్షన్లతో చనిపోతున్న రోజులవి. ఆయన వాళ్లని తిప్పించాడు, లేపించాడు, ఆడించాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. ఆట చికిత్సలో భాగంగా మొదలైంది. మీ నాన్నగారికి ఇది చెప్పండి.

అమ్మమాట
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. మా అబ్బాయికి 19 ఏళ్లప్పుడు చెట్టు మీంచి పడి ఇలాగే అయింది. ఇప్పుడు డిస్కస్ వేస్తాడు.

మొదట్లో నేనూ మీ అమ్మలాగే ఏడ్చాను. వాడు బయటికి వెళ్తే నలుగురూ చూస్తారని నా బాధ, వాడి బాధ కాదు. తర్వాత ఒప్పుకున్నాను. మొదటి పోటీకి నేనే తీసుకెళ్లాను. ఎండలో మూడు గంటలు ఆ ఇనుప కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులతో కట్టి, పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూశాం. ఒళ్లు లేపమని నేను గుర్తు చేయలేదు, వాడు మర్చిపోయాడు. రాత్రి లాడ్జిలో బట్టలు మారుస్తుంటే కూర్చునే ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. చిన్నదే కదా అని పౌడర్ రాశాను. వారానికి గుంట పడింది. లోపల ఎముక దాకా వెళ్లింది. అయిదు నెలలు బోర్లా పడుకున్నాడు నా బిడ్డ.

ఆడనివ్వండి. కానీ ప్రతి రాత్రీ అద్దమో టార్చో పెట్టి ఆ చోటు చూడండి. ఎర్రగా ఉండి, నొక్కితే తెల్లబడకపోతే మర్నాడు కూర్చోనివ్వకండి, పోటీ ఉన్నా సరే. మీ అమ్మకి ఈ పని అప్పగించండి. ఏడవడానికి తీరిక ఉండదు.

కూత_ఆగదు
అమ్మా, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది.

నల్లరేగడి
ఒక్కటే అడుగుతాను, కోపం లేకుండా. మీరంతా మెడల్ వచ్చినవాళ్ల పేర్లే చెబుతున్నారు. రానివాళ్ల సంగతేంటి? స్పోర్ట్స్ వీల్‌చైర్ లక్షల్లో ఉంటుందంటారు. పల్లెటూరి ఇల్లు. అన్న ఒక్కడి సంపాదన.

వీల్‌చైర్_వెంకీ
మంచి ప్రశ్న. రానివాణ్ని నేనే. రెండు నేషనల్స్ ఆడాను, ఒక్క మెడల్ లేదు. ఆట నాకేమిచ్చిందంటే, కింద పడితే నేల మీంచి కుర్చీలోకి ఎక్కడం వచ్చింది. అది ఏ ఆస్పత్రీ నేర్పలేదు. రైల్లో ఒక్కణ్నే వెళ్లడం వచ్చింది. ట్యూబ్ ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో సిగ్గు లేకుండా మాట్లాడే పదిమంది దొరికారు. డిగ్రీ పూర్తి చేశాను, ఉద్యోగం చేస్తున్నాను.

ఖర్చు మాట నిజం. అందుకే వీల్‌చైర్ ఆటలతో మొదలుపెట్టొద్దంటాను. త్రోలకి స్పోర్ట్స్ వీల్‌చైర్ అక్కర్లేదు, త్రోయింగ్ కుర్చీ చాలు. ఊళ్లో వెల్డరు చేస్తాడు. కుషన్‌తో కలిపి సీటు ఎత్తు 75 సెంటీమీటర్లు దాటకూడదు. ముందు పట్టుకోవడానికి నిలువు రాడ్ పెట్టుకోవచ్చు, అది ఊగకూడదు. కుర్చీని నేలలో గూటాలకి కడతారు. విసిరేటప్పుడు పిరుదులు సీటు మీంచి లేస్తే ఫౌల్.

ఇంకో దారి పారా పవర్‌లిఫ్టింగ్. బెంచ్ ప్రెస్సే, కాళ్లు బెంచి మీదే కట్టేస్తారు. మామూలు జిమ్‌లో మొదలవుతుంది. రైడర్ అంటున్నారు కాబట్టి భుజాలు ఉండే ఉంటాయి.

ఓరుగల్లు_పోరడు
సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ముందు చేపియ్ అన్నా. అవి లేకుంటే పోటీలకు పేరు రాసుడు కష్టం. అటెన్క రాష్ట్ర పారా అథ్లెటిక్స్ సెలెక్షన్లు, ఆడికెళ్లి నేషనల్స్. 2023 డిసెంబర్ల ఢిల్లీల ఖేలో ఇండియా పారా గేమ్స్ మొదటిసారి పెట్టిన్రు, గదొక దారి. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ అంటే మన సత్తుపల్లి ఆడబిడ్డ మాధవీలత గారు చెన్నైల ఉండి దేశమంతటికీ ఫెడరేషన్ నడిపిన్రు. పోలియో ఆమెకు. మనోళ్లు ఉన్నరు, ఎతుక్కోవాలె.

డల్లాస్_శీను
మా ఇంటికి అరగంట దూరంలో ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ జట్టు ఉంది, మూవిన్ మావ్స్ అంటారు. స్కాలర్‌షిప్పులిచ్చి చదివిస్తారు. మ్యాచ్‌కి వెళ్తే కుర్చీలు గుద్దుకునే చప్పుడుకి పిల్లలు చెవులు మూసుకున్నారు. మన కాలేజీల్లో ఒక్కచోటైనా ఇలాంటిది రావాలని ఆ రోజంతా అనిపించింది.

వెల్డర్ కుర్చీ ఖర్చు నాది. మెసేజ్ పెట్టండి.

ఫిజియో_పద్మ
ఎవరూ అడగనిది నేనడుగుతాను. ఏ ఆట కావాలో తమ్ముణ్ని అడిగారా? మనం ఇక్కడ ఇరవై మంది నిర్ణయించేస్తున్నాం.

కూత_ఆగదు
అడిగాను మేడమ్. జట్టు ఆట కావాలన్నాడు మొదట. బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు మాకు దగ్గర్లో లేదు. అరగంట ఆలోచించి, "రైడ్‌కి కూడా ఒక్కణ్నే కదా వెళ్లేది, గుండు తీసుకురా" అన్నాడు.

---

కూత_ఆగదు
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. సీటీ తీయించాం, ఎముక అతుక్కుంది. సర్జన్ కాగితం రాసిచ్చారు. ఆరు వారాలు వీపు కండరాల ఎక్సర్‌సైజులే, తలుపు గడియకి రబ్బరు బ్యాండు కట్టి లాగించాం. యూడీఐడీకి అప్లై చేశాం. నాన్న ఇంకా పెద్దగా మాట్లాడటం లేదు, కానీ వెల్డరు దగ్గర రెండు గంటలు నిలబడి సీటు ఎత్తు టేపుతో కొలిచింది ఆయనే. 74 పెట్టించాడు, ఒక సెంటీమీటరు మనకుండాలని.

ఆదివారం పొద్దున్నే హైస్కూలు గ్రౌండుకి తీసుకెళ్లాం. వాడు పడ్డ తర్వాత గ్రౌండులోకి రావడం అదే మొదలు. కుర్చీని నాలుగు గూటాలకి కట్టాం. తొడల మీద, పాదాల మీద బెల్టులు, పాదాల కింద స్పాంజి. అంతా అయ్యాక గుండు చేతికిస్తే తీసుకోలేదు. వంగి నేల వైపు చేయి చాపాడు, అందలేదు. నాకు అర్థం కాలేదు. "మట్టన్నా" అన్నాడు. రైడ్‌కి వెళ్లేముందు గీతని తాకి కళ్లకద్దుకునేవాడు. గుప్పెడు మట్టి తీసి వాడి అరచేతిలో పోశాను.

మొదటిది రెండు గజాలు కూడా పోలేదు. మూడోది 4 మీటర్ల 10. పాత కోచ్ వచ్చి టేపు అవతలి కొస పట్టుకున్నాడు. మా వాడు ఆయన్ని, "సార్, స్కోరు మీరు రాయండి" అన్నాడు. ఆయన రాశాడు. పన్నెండు త్రోలు, పక్కన అంకెలు. ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.

రాత్రి అమ్మ సెల్ టార్చ్ వేసి చూసింది. ఎడమవైపు కొంచెం ఎరుపు, నొక్కితే తెల్లబడింది. అయినా సరే రెండు రోజులు కూర్చోనివ్వనంది. వాడు గొడవపడుతున్నాడు, ఆమె వినడం లేదు. గురువారం మళ్లీ వెళ్తాం.

అమ్మమాట
మీ అమ్మ చెప్పినట్టు వినమను.

ఎర్రమట్టి_కోర్టు
మోచేయి కిందికి జారనివ్వకు బాబూ. గుండు మెడకి ఆని ఉండాలి. వీడియో పెట్టు, చూస్తాను.

నల్లరేగడి
ఆ కుర్చీ కొలతలు పెట్టు తమ్ముడూ. పొడవు, వెడల్పు, రాడ్ ఎక్కడ పెట్టారో కూడా. మా బాబాయి ఊళ్లో వెల్డరు ఉన్నాడు.